బ్రేకుల మాస్టారి రిమోటు

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద పాత తువ్వాలు పరిచారంటే ఆ ఇంట్లో ఏదో ఒక వస్తువుకు ఆపరేషన్ జరగబోతోందని అర్థం. మిక్సీ, ఇస్త్రీపెట్టె, గోడ గడియారం, అన్నీ ఆ తువ్వాలు మీద పడుకుని లేచినవే. కొన్ని లేవలేదు కూడా. ఈసారి వంతు కారు రిమోటుది.

ఆపరేషన్ చేసేది బ్రేకుల మాస్టారు. ఆయనకు సొంత పేరు ఒకటి ఉన్నా పేటలో ఎవరికీ గుర్తులేదు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతారు. నేర్పే బండికి పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది, శిష్యుల గుండె ఆగేలోపు ఆ బ్రేకుతో బండి ఆపడం ఆయన పని. ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టినవాళ్ళలో సగం మంది ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్ళే. బండి ఆగిపోతే చాలు, శిష్యులు బండిని ఆడిపోసుకుంటారు. క్లచ్ బిగుసుకుపోయిందంటారు, గేరు పడటం లేదంటారు. అప్పుడు ఆయన అనే మాట ఎప్పుడూ ఒకటే.

"బండిని తిట్టకండి. ముందు మీ కాలు ఎక్కడుందో చూసుకోండి."

ఇంకో అలవాటు కూడా ఉంది. శిష్యులకు బండి వచ్చేసిందని ఆయన నోటితో చెప్పరు. ఒకరోజు పాఠం మధ్యలో బండి పక్కకు ఆపించి, తలుపు తీసుకుని దిగిపోతారు. "ఒక రౌండు తిప్పి తీసుకురా" అని ఫుట్‌పాత్ మీద నిలబడతారు. దాంతో చదువు అయిపోయినట్టే. అందుకే ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒకరినొకరు లైసెన్సు వచ్చిందా అని అడగరు. మాస్టారు దిగారా అని అడుగుతారు.

భార్యకు కూడా ఆయనే నేర్పారు. ఆవిడకు లైసెన్సు ఎప్పుడో వచ్చింది, మాస్టారే ఇంతవరకు దిగలేదు. ఇంటి కారుకు పక్క సీట్లో బ్రేకు లేదు కదా, ఆవిడ నడుపుతుంటే ఆ లేని బ్రేకును నేలకేసి తొక్కుతూనే ఉండేవారు. మలుపు వస్తే చాలు, చెవిలో జోరీగలా అద్దం, గేరు, హారన్ అంటూ మొదలుపెట్టేవారు. కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు తాళంచెవి ఆయన ఒళ్ళో పడేసి, "మీ కారు మీరే తోలుకోండి" అని బస్సులో వెళ్ళడం మొదలుపెట్టింది. ఆవిడ పనిచేసే కళ్ళద్దాల దుకాణం బస్సు దారిలోనే ఉంది కాబట్టి ఆ పంతం నిలబడింది.

ఇక రిమోటు సంగతి. కొన్ని వారాలుగా అది ఆయన మాట వినడం లేదు. తాళంచెవి మొదట్లోనే ఉంటాయి మీటలు, ఒకటి నొక్కితే కారు క్విక్కుమని తెరుచుకోవాలి, ఇంకొకటి నొక్కితే మూసుకోవాలి. ఆయన నొక్కితే ఒకసారి పలుకుతుంది, రెండుసార్లు పలకదు. కొత్త బ్యాటరీ వేశారు. లాభం లేకపోయింది. దుకాణంవాడు పాత సరుకు అంటగట్టాడని తిట్టుకుని ఇంకో దుకాణంలో కొన్నారు. అదీ అంతే. రిమోటు పనిచేయకపోతే చెవితోనే తలుపు తీసుకోవచ్చు, ఆ మాత్రం ఆయనకు తెలియక కాదు. ఆ చెవి తిప్పడం ఈమధ్య మరీ కష్టంగా ఉంటోంది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

చెప్పనివి ఇంకా ఉన్నాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. టీ గ్లాసు చేతిలోంచి జారి పగిలింది, చెయ్యి తడిగా ఉందన్నారు. అన్నిటికన్నా పెద్దది కర్టెన్లు కుట్టే ఆవిడ సంగతి.

ఆవిడది రెండు వీధుల అవతల ఒక సందులో కుట్టు దుకాణం. కుట్టిన కర్టెన్లు తనే ఇళ్ళకు తీసుకెళ్ళి ఇవ్వాలని బండి నేర్చుకోవడానికి వచ్చింది. చెప్పిన మాట చెప్పినట్టు వింటుంది. ఒకరోజు మలుపు దగ్గర బెదిరి స్టీరింగు ఎక్కువ తిప్పేసింది. అలాంటప్పుడు పక్క నుంచి మాస్టారి కుడిచెయ్యి వెళ్ళి స్టీరింగు సరిచేయాలి. వెళ్ళింది. కానీ పట్టు చిక్కలేదు, చెయ్యి జారిపోయింది. సైకిలు మీద పోతున్న పిల్ల వెంట్రుకవాసిలో తప్పించుకుంది. కాలి కింద బ్రేకు ఉండబట్టి సరిపోయింది. మాస్టారి భయం కోపమై ఆవిడ మీద పడింది. "స్టీరింగును అలా ఉడుంపట్టు పడితే నేనెలా తిప్పాలి?" అని ఒంటికాలి మీద లేచారు. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మర్నాటి నుంచి రాలేదు.

ఇదంతా బుర్రలోంచి తోసేసి, మాస్టారు తువ్వాలు మీద రిమోటు పెట్టి కళ్ళజోడు సవరించుకున్నారు. అంచు చీలికలో గోరు దూర్చి విప్పుదామనుకుంటే గోరు నిలబడలేదు. ఎడమచేత్తో నాణెం దూర్చి తిప్పితే రెండు చిప్పలుగా విడిపోయింది. లోపల గోలీబిళ్ళంత బ్యాటరీ, ఒక పచ్చటి పలక, దాని మీద మినపగింజల్లాంటి రెండు చిన్న మీటలు, పైన రబ్బరు తొడుగు. బ్యాటరీ తగిలే రేకును పెన్సిల్ రబ్బరుతో రుద్దారు. దూదిపుల్ల స్పిరిట్లో ముంచి పలకంతా తుడిచారు. వచ్చిన మురికి చూసి దొంగ దొరికినంత సంబరపడ్డారు.

అగ్గిపుల్ల తలతో చిన్న మీటను నేరుగా నొక్కి చూశారు. కిటికీ అవతల కారు క్విక్కుమంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంది. ఎన్నిసార్లు నొక్కినా అంటూనే ఉంది.

చిప్పలు మూసి, కుడి బొటనవేలితో నొక్కారు. కారు పలకలేదు.

అటుగా బట్టల బుట్టతో వెళుతున్న భార్య ఆగి, రిమోటు అందుకుని నొక్కింది. కారు క్విక్కుమంది.

"బాగైపోయిందిగా" అని రిమోటు అక్కడ పెట్టేసి వెళ్ళింది.

"ఆ, బాగైంది" అన్నారు మాస్టారు.

ఆవిడ డాబా మీదకు వెళ్ళేదాకా ఆగి, ఎడమచేత్తో నొక్కారు. క్విక్. కుడిచేత్తో నొక్కారు. ఏమీ లేదు. పళ్ళు బిగించి నొక్కారు, మెడ నరాలు ఉబ్బాయి గానీ బొటనవేలు మాత్రం ఎవరిదో అన్నట్టు చల్లగా ఊరుకుంది. ఆయన ఆ వేలి వంక చాలాసేపు చూశారు. ఆ చెయ్యి స్టీరింగు పట్టలేకపోతే ఇక పక్క సీట్లో కూర్చోకూడదు. ఆ సీటు లేకపోతే తను ఎవరో ఆయనకు తెలియదు. భయమేసింది.

భయమేసినప్పుడు మనిషి చేసే తెలివైన పనులే వేరు. స్కూలు విజిటింగ్ కార్డు ఒకటి తీసి, అంచున వేలిగోరంత ముక్క కత్తిరించి, రబ్బరు తొడుగుకూ ఆ రెండు చిన్న మీటలకూ మధ్య పెట్టి చిప్పలు మూసేశారు. ఇప్పుడు కుడి బొటనవేలు అలా ఆనిస్తే చాలు, కారు క్విక్కుమంటోంది. మాస్టారు చేతులు దులుపుకున్నారు. వేలికి సరిపడేలా రిమోటును మార్చేశాక ఇక వేలికి ఏ జబ్బూ లేనట్టే.

ఆ సుఖం మధ్యాహ్నం వరకే. రిమోటు జేబులో వేసుకుని భోజనానికి కూర్చుంటే కారు క్విక్కుమంది. మజ్జిగ కోసం ముందుకు వంగితే ఇంకోసారి అంది. ఆయన నవ్వినా అంటోంది, దగ్గినా అంటోంది.

"ఏమండీ, ఆ కారుకు ఏమైంది?" అంది భార్య.

"కొత్త బ్యాటరీ కదా, కాస్త హుషారుగా ఉంది."

చెయ్యి కడుక్కుంటుండగా ఎదురింటాయన గోడ మీంచి పిలిచాడు. "మాస్టారూ, మీ కారు నాలుగు తలుపులకీ తాళం లేదు. ఇందాకట్నుంచి అదే మూసుకుంటోంది, అదే తెరుచుకుంటోంది. మా పిల్లలు వరసగా కూర్చుని చూస్తున్నారు."

భార్య చెయ్యి చాపింది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా రిమోటు ఇచ్చారు. ఆవిడ సంచిలోంచి కళ్ళజోళ్ళ మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు తీసి, ఒక్కసారి మీటి చిప్పలు విప్పింది. అట్టముక్క బల్ల మీద రాలింది. దాని మీద స్కూలు పేరులో రెండక్షరాలు కూడా ఉన్నాయి. చిప్పలు మూసి ఆయన కుడిచేతిలో పెట్టింది.

"నొక్కండి."

కారు పలకలేదు.

"ఎడమచేత్తో."

క్విక్.

ఆవిడ ఆయన కుడిచెయ్యి తన చేతుల్లోకి తీసుకుని తిప్పి చూసింది. బొటనవేలి మొదట్లో ఉండాల్సిన కండ అరిగిపోయి పల్లమైంది. ఒకే మంచం, ఒకే భోజనాల బల్ల, అయినా ఇన్నాళ్ళూ ఆవిడ చూడనే లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

మాస్టారు నీళ్ళు నమిలారు. రబ్బరు గట్టిపడిందన్నారు, ఈ కంపెనీ రిమోటులన్నీ ఇంతేనన్నారు.

"బండిని తిట్టకండి అని ఊరందరికీ చెప్తారు" అందావిడ. గొంతులో కోపం లేదు, అదే ఆయనకు ఎక్కువ తగిలింది.

అప్పుడు చెప్పారు. గుండీల సంగతి, గ్లాసు సంగతి, చివరికి సైకిలు పిల్ల సంగతి. "తప్పంతా నాది. ఆవిడ మీదకు తోసేశాను. తనకి బండి రాదనుకుని మానేసి కూర్చుంది పాపం. ఈ చెయ్యి పోతే నాకింకో పని రాదు, అందుకే..." 

"పోయిందో లేదో డాక్టరు చెప్పాలి, మీరూ నేనూ కాదు. రేపు వెళ్దాం. అంతదాకా బండి ముట్టుకోవద్దు."

"సరే" అన్నారు మాస్టారు. ఆ ఇంట్లో ఆ మాట ఆయన నోట అంత తేలిగ్గా రావడం అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున స్కూలుకు ఫోన్ చేసి కొన్నాళ్ళు రానని చెప్పారు. బయటికి వచ్చి ఎడమచేత్తో కారు తెరిచి, తాళంచెవి ఆవిడకు ఇచ్చి, పక్క సీట్లో కూర్చున్నారు. ఆవిడ సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సవరించుకుంది. ఇన్నాళ్ళు స్టీరింగు పట్టకపోవడంతో గేరు కాస్త గరగరమంది. మాస్టారు నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేశారు. కాలు మాత్రం నేలను తొక్కబోయింది. దాన్ని రెండోకాలితో అదిమి పట్టుకున్నారు.

రెండు వీధులు దాటాక, "ఆ సందులోకి తిప్పు" అన్నారు.

"ఆస్పత్రి ఇటు కదండీ?"

"తెలుసు. చిన్న పనుంది."

సందు ఇరుకు. కుట్టు దుకాణం ముందు ఒకవైపు ఆటో, ఒకవైపు నీళ్ళ డబ్బాల బండి. ఆవిడ వేగం తగ్గించి, రెండిటి మధ్యనుంచి ఏదీ గీసుకోకుండా తీసుకొచ్చి దుకాణం ముందు ఆపింది. వెనకనుంచి ఎవరో అప్పుడే హారన్ కొడుతున్నారు.

"ఇక్కడ ఆపితే తిడతారండీ" అంది.

మాస్టారు తలుపు తీసుకుని దిగారు. తలుపు మూసి, కిటికీలోకి వంగారు.

"ఒక రౌండు తిప్పి తీసుకురా."

 ఆయన వంక ఒక్క క్షణం అలాగే చూసి, గేరు వేసింది. ఈసారి చప్పుడు కాలేదు. కారు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా మాస్టారు అక్కడే నిలబడ్డారు.

లోపల కర్టెన్లావిడ మిషను ఆపి లేచి నిలబడింది. ఆయన కూర్చోలేదు. కుడిచెయ్యి ఆవిడ ముందు చాపి, ఆ రోజు జారిపోయింది ఈ చెయ్యేనని, ఆవిడ తప్పేమీ లేదని, ఇంత ఆలస్యంగా చెప్తున్నందుకు సిగ్గుగా ఉందని చెప్పారు.  ఆవిడ చేతిలో ఉన్న గుడ్డను మడతపెట్టింది, మళ్ళీ విప్పింది.

"నేను రోజూ రాత్రి ఆ పిల్లే కళ్ళముందు కనబడి లేస్తున్నాను మాస్టారూ" అంది చివరికి.

మాస్టారు తల వంచుకున్నారు. 

బయట చిన్నగా హారన్ మోగింది. సందు ఇంకో చివర నుంచి వచ్చిన కారు దుకాణం ముందు ఆగింది. స్టీరింగు వెనక ఉన్న మనిషిని కర్టెన్లావిడ తొంగి చూసింది.

"అమ్మగారు నడుపుతారా? మీరే నేర్పారా?"

"నేనే."

"ఎప్పుడు దిగారు మాస్టారూ?"

"ఇప్పుడే" అన్నారాయన.