తీయొద్దన్న గొట్టం

పదకొండేళ్లుగా సూదక్క తమ్ముడి షెడ్డు ఉన్న వీధిలో అడుగు పెట్టలేదు. చుట్టూ తిరిగి పోతే కాళ్లు పీకేవి. కడుపుమంట ముందు కాళ్లనొప్పి ఒక లెక్కా?

ఆ పేరు ఆమెకు నాన్న బళ్లు బాగుచేసే షెడ్డులోనే వచ్చింది. మూడో తరగతిలో బడి మానేసి, ఆయన పక్కన పీట వేసుకుని పని నేర్చుకుంది. కార్బురేటర్ లోపల పెట్రోలుకు దారి వదిలే సన్నటి సూది ఒకటి ఉంటుంది. బండి చప్పుడు విని, ఆ సూదిని ఏ గాడిలో పెట్టాలో మూత విప్పకుండానే చెప్పేది. తమ్ముడికి అబ్బిన విద్య నోరొక్కటే. పని అక్కది, పేరు తమ్ముడిది. నాన్న పోయాక కూడా అలాగే సాగింది. తాను చంకనెత్తుకుని పెంచినవాడు కదా అని ఊరుకుంది.

ఒకరోజు తమ్ముడు పెట్రోలు గొట్టానికి పట్టీ బిగించడం మరిచాడు. నాలుగు రోడ్ల కూడలిలో పోస్టుమ్యాన్ బండి నిలువునా కాలిపోయింది. మనిషికి ఏమీ కాలేదు. తమ్ముడు అందరి ముందూ నుదురు కొట్టుకుని, "ఏం చెయ్యమంటారండీ, మా అక్క చెయ్యి పెట్టింది. ఆడవాళ్లకి ఇనుము అప్పగిస్తే ఇంతే," అన్నాడు. ఆ ఒక్క మాటతో ముప్ఫయ్యేళ్ల పనితనం బూడిదైంది. ఆ తరువాత ఆమెకు ఎవరూ బండి ఇవ్వలేదు. దర్జీ కొట్టు మీది గదిలో కుట్టుమిషన్లు, గ్యాసుపొయ్యిలు బాగుచేసుకుంటూ బతికింది. పొయ్యి వెలిగించిన ప్రతిసారీ తమ్ముణ్ణి తలుచుకునేది. అన్నం తొందరగా ఉడికేది.

ఆ తమ్ముడు ఒక గురువారం మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, బాగున్నావా?"

"నువ్వు రానన్నాళ్లూ బాగానే ఉన్నాను. సంగతి చెప్పు."

సంగతేమిటంటే, తన నాలుగు సిలిండర్ల బండికి టర్బో తగిలించాడు. ఆదివారం బళ్ల క్లబ్బువాళ్ల ముందు నడిపి చూపాలి. నచ్చితే క్లబ్బు బళ్లన్నీ వాడి షెడ్డుకే. ఇంజను మాత్రం తుమ్ముతోంది, దగ్గుతోంది, లాగమంటే చస్తోంది. నాలుగు కార్బురేటర్లూ సరిచేసే చెయ్యి వాడికి ఇంకెక్కడా దొరకలేదు.

"చేస్తాను. ఆనాడు నిప్పంటుకున్నది నీ వల్లేనని క్లబ్బువాళ్ల ముందు నీ నోటితో చెప్పాలి."

"ఓస్, అంతేనా? బండి నడిచాక చెప్తాలే."

"నడిచాక కాదు, నడిపే ముందు."

"సరే సరే, ముందే."

అంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే చెప్పడని ఆమెకు అప్పుడే అర్థమైంది. అయినా లేచింది. ఆ వీధిలో నట్టనడుమ నడుచుకుంటూ షెడ్డుకు పోయింది.

మామూలు బండి తన గాలి తాను పీల్చుకుంటుంది. టర్బో ఉన్న బండికి గాలిని కుక్కి పెడతారు. కార్బురేటర్ అడుగు గిన్నెల్లో పెట్రోలు మీద తేలే బోలు బుడ్లు ఆ ఒత్తిడికి నలిగిపోతాయని తీసేసి గట్టివి వేసింది. పెట్రోలు దూరే జెట్లు పెద్దవి వేసింది. శనివారం సాయంత్రానికి ఇంజను వెన్నలా తిరిగింది. అప్పుడు తమ్ముణ్ణి పిలిచింది.

"ఒరేయ్, ఇటు చూడు. టర్బో గాలి నిండే గాలిపెట్టెలోంచి ఈ సన్న గొట్టం నాలుగు గిన్నెలకీ పోతోంది. టర్బో పైనుంచి తోస్తుంటే పెట్రోలు పైకెలా వస్తుంది? కింద గిన్నెలోనూ అంతే గాలి తొయ్యాలి. దీన్ని ముట్టుకోకు. ముట్టుకున్నావంటే పెట్రోలు చాలక పిస్టన్ కాలిపోతుంది."

ప్రతి మాటా నిజం. వాడు ఎలాంటివాడో తెలుసు కనుకనే నిజం చెప్పింది. మామూలు బండికి ఆ గొట్టం ఉండదు. గిన్నె రంధ్రం బయటి గాలికే తెరుచుకుని ఉంటుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం వాడు. తాను అక్క స్థానంలో ఉంటే ఏం చేసేవాడో అదే అక్కా చేసిందనుకుంటాడు. వాడి చూపు రెండుసార్లు ఆ గొట్టం మీదికే పోవడం చూసింది. ఇంకో మాట చెప్పి నమ్మించవచ్చు. చెప్పలేదు. చేతులు తుడుచుకుని ఇంటికి పోయింది.

ఆదివారం క్లబ్బు రేకుల షెడ్డులో ముప్ఫైమంది చేరారు. చక్రం ఉన్నచోటే తిరిగేలా బండిని రోలర్ల మీద ఎక్కించి తాళ్లతో కట్టారు. సూదక్క బండిని దగ్గరగా చూస్తూ పోయి వెనక వరసలో కూర్చుంది. గొట్టం లేదు. గాలిపెట్టె రంధ్రానికి మర బిగించి ఉంది. చెబుదామని ఆమె నోరు తెరిచింది. అంతలో తమ్ముడు, "ఇది మొదట్నుంచి చివరిదాకా నా చేతిపనేనండీ," అన్నాడు. నిప్పు ఊసే లేదు. తెరిచిన నోరు మూసుకుంది.

పిడి మెల్లగా తిప్పినంతసేపూ బండి బుద్ధిగానే నడిచింది. వాడు మీసం దువ్వుకుని ఇంకా తిప్పాడు. టర్బో ఈల వేసింది, ఇంజను దగ్గింది. మొండివాడు కదా, పూర్తిగా తిప్పాడు. లోపల ఎవరో గులకరాళ్లు వేయించినట్టు చప్పుడైంది. తరువాత తెల్లటి పొగ. తరువాత ఏమీ లేదు.

"మా అక్క నిర్వాకం ఇది!" అని అరిచాడు తమ్ముడు. "పగబట్టి గిన్నెలకి ఏదో గొట్టం పెట్టింది. పొద్దున్నే పసిగట్టి పీకేశాను కాబట్టి ఇంతటితో పోయింది!"

టర్బో బళ్లమీదే జుట్టు నెరిసిన క్లబ్బు పెద్దాయన ముందుకు వంగాడు. "ఏ గొట్టమయ్యా? గాలిపెట్టెలోంచి వచ్చేదా?"

"అదేనండీ!"

"ముట్టుకోవద్దని ఆవిడ చెప్పలేదా?"

"చెప్పింది! అందుకేగా పీకాను!"

ముందు ఒకడు నవ్వాడు. ఆపైన ఎవరు ఆగారు?

సూదక్క లేచి నిలబడింది. "నోరు బాగా తిరుగుతోంది కదా, పోస్టుమ్యాన్ బండికి పట్టీ ఎవరు బిగించలేదో అదీ చెప్పు."

"పదకొండేళ్ల కిందట ఏదో మర్చిపోయాను. ఆ గొడవ ఇప్పుడెందుకు?" అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. ఆమె దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "గొట్టం లేదని చూశావు కదా. ఒక్క మాటంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?" అన్నాడు.

"నిన్న చెప్పాను. రెండోసారి చెప్పించుకోవడానికి చంటివాడివా?"

క్లబ్బు పెద్దాయన కుర్చీ తెచ్చి వేశాడు. "అమ్మా, మా బళ్లు మీరే చూడాలి. ముందు దీన్ని విప్పుతారా?"

"నేనెందుకు విప్పుతాను? వాడి చేతిపని కదా, వాణ్ణే విప్పమనండి."

ఆమె ఇంజను పక్కన కూర్చుని పానా కొలతలు చెబుతుంటే, తమ్ముడు నేలమీద గొంతుక్కూర్చుని ఒక్కొక్క బోల్టే విప్పాడు. "పన్నెండు. అది కాదు, పక్కది. చదువుకున్నావుగా, అంకెలు రావూ?" చెమట వాడి ముక్కు చివరనుంచి కారుతోంది. మధ్యాహ్నమైందని ఇద్దరు ముగ్గురు భోజనానికి లేచారు.

"కూర్చోండి," అంది సూదక్క. "పిస్టన్‌లో చిల్లు ఇంకా చూపించలేదు."