మూడో మిషన్

ఏడెనిమిదేళ్ళుగా ఒక విషయం మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఇది ధైర్యం కాదని నాకు తెలుసు.

నాది మొదటినుంచీ అనుమానపు బుద్ధి. గ్యాస్ కట్టేశానో లేదో అని సగం మెట్లు దిగి మళ్ళీ పైకి వెళ్ళే మనిషిని. నేను చేసే పనికి కావలసిన గుణం అదేనని మురిసిపోయేవాణ్ణి కూడా.

పటమటలో మా ఆఫీసు. చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొన్ని కలిసి వాడుకునే బిల్డ్ సర్వీసు మాది. వాళ్ళు కోడ్ రాసి పంపుతారు. మా నాలుగు మిషన్లలో ఏది ఖాళీగా ఉంటే అది ఆ కోడ్ తీసుకుని, వాడకానికి సిద్ధంగా ప్యాకేజీ తయారుచేసి ఇస్తుంది. లైబ్రరీ అంటే అందరూ తమ ప్రోగ్రాముల్లో వాడుకునే ఉమ్మడి కోడ్; అలాంటిది ఒకటి మారిందంటే దానితో ముడిపడ్డ ప్యాకేజీలన్నీ మళ్ళీ తయారుచేయాలి. దాన్నే రీబిల్డ్ అంటాం. ఈ పనిలో ఒకటే కట్టుబాటు: మిషన్ లోపల ఎవరూ సొంతంగా చెయ్యి పెట్టకూడదు. ఏం మార్చినా నలుగురికీ తెలిసేలా, నాలుగింటిలోనూ ఒకేలా మార్చాలి. ఆ కట్టుబాటు పెట్టింది నేనే.

అప్పట్లో మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయిని నాగలక్ష్మి అందాం. అసలు పేరు వేరు. బందరు దగ్గర సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. వాళ్ళింట్లో ఆఫీసు ఉద్యోగమన్నది ఆమెతోనే మొదలు. ప్రొబేషన్ ముగిసేముందు ఆమెకు ఇచ్చిన మొదటి పెద్ద పని, అలాంటి లైబ్రరీ ఒకదాన్ని కొత్త వెర్షన్‌కు మార్చడం. సరిగ్గా చేస్తే ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే ఇంటికి.

మార్చింది. రీబిల్డ్ మొదలుపెట్టాం. కొన్ని ప్యాకేజీలు ఫెయిలయ్యాయి. మళ్ళీ నడిపితే వాటిలో కొన్ని పాసయ్యాయి. పొద్దున పాసైనవి మధ్యాహ్నం ఫెయిలయ్యాయి. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు.

ముందు కరెంటును అనుమానించాను. తర్వాత నెట్‌ను. ఆ తర్వాత మాకు కోడ్ పంపే భవానీపురం కంపెనీవాళ్ళను, మాకు చెప్పకుండా ఏదో మార్చేసి ఉంటారని. చివరికి నాగలక్ష్మిని. మేనేజరు గారు వచ్చి ఏంటి సంగతి అంటే, "కొత్త పిల్ల కదండీ" అన్నాను. అంతే. ఇంకో మాట అనలేదు. అనాల్సిన అవసరమూ లేకపోయింది. ఆ సాయంత్రం నుంచి ఆఫీసంతా ఆమె స్క్రీన్ వైపు తొంగిచూడటం మొదలుపెట్టింది.

ఆమె మాత్రం ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చుకుంది. స్కేలు పెట్టి గీతలు గీసి, ప్యాకేజీ పేరు, టైము, వచ్చిన ఎర్రర్ రాసుకుంటూ పోయింది.

రెండో రోజు నేను ఫెయిలైన లాగ్‌లు వరసగా తెరిచాను. లాగ్ అంటే, ఏమేం చేసిందో మిషన్ తనే రాసిపెట్టుకునే చిట్టా. ఆమె తప్పు పట్టుకుందామనే తెరిచాను, అది కూడా చెప్పాలి. ఎర్రర్లు చదివి చదివి విసుగొచ్చి, ఎవరూ చదవని మొదటి లైను చూశాను. ఏ మిషన్ మీద నడిచిందో అక్కడ ఉంటుంది. మూడు. తర్వాతది చూశాను, మూడు. ఆ తర్వాతది కూడా మూడే.

మూడో మిషన్ లోపలికి వెళ్ళి వెతికాను. ఆ లైబ్రరీ పాత కాపీ ఒకటి, ఉండకూడని చోట ఉంది. కొత్తదాన్ని అందుకోవాల్సిన బిల్డ్ దీన్ని అందుకుని దెబ్బతింటోంది. ఎవరు పెట్టారు? ఫైలు పక్కనే పేరు ఉంది. నా పేరు. అంతకు ఏడాది కిందట ఒక డెలివరీ ఆగిపోతుంటే, తర్వాత తీసేద్దాంలే అని నేనే పెట్టాను. మర్చిపోయాను. నిజంగా మర్చిపోయానా? మొదటి ప్యాకేజీ ఫెయిలైనప్పుడే లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకున్నా, అటు చూడకుండా పక్కవాళ్ళ మీద అనుమానాలు పేర్చుకుంటూ పోయానా? ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను. నా జవాబును నేనే నమ్మను.

సరిగ్గా అప్పుడే ఆమె నోట్‌బుక్ పట్టుకుని నా కుర్చీ దగ్గరికి వచ్చింది.

"సార్, ఏ మిషన్ మీద నడిచిందో అది కూడా రాద్దామనుకుంటున్నానండీ. ఇంకో కాలమ్ గీయమంటారా?"

తెరిచి ఉన్న విండో గబుక్కున మూసేశాను. "అక్కర్లేదమ్మా. నాలుగు మిషన్లూ ఒకటే కదా."

"అంతేనంటారా అండీ?"

"నేను చూశానుగా. నువ్వు ఎర్రర్ల సంగతి చూడు."

"సరేనండీ" అని స్కేలు నోట్‌బుక్‌లో పెట్టి మూసేసింది. వెళ్ళేముందు ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ చూపు నమ్మకమో, అనుమానమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఆమె భోజనానికి వెళ్ళినప్పుడు ఫైలు తీసేశాను. డిస్క్ నిండిపోతోందన్న వంకతో పాత లాగ్‌లు చెరిపేశాను. ఆమె చేసిన మార్పును వెనక్కి తీసి, అదే మార్పును పొల్లు పోకుండా నా పేరుతో మళ్ళీ పెట్టాను. అన్నీ పాసయ్యాయి. మేనేజరు గారు నా భుజం తట్టారు. నేను నవ్వాను కూడా. తన తప్పెక్కడో చెప్పమని ఆమె అడిగితే, చిన్న తేడాలేనమ్మా అన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏ తేడా లేదని తెలిసిపోయేది. చూసుకుందో లేదో.

నెల తిరక్కుండా ఆమెను పంపించేశారు. ఆ రోజు నేను సెలవు పెట్టాను.

ఈ మధ్య గుణదలలో మందుల షాపు దగ్గర కనిపించింది. అన్నయ్యతో కలిసి చేపల వ్యాపారం చూసుకుంటోందట. మళ్ళీ కంప్యూటర్ల వైపు వెళ్ళలేదేమని అడిగాను. నాకు సిగ్గుండాలి. "ఆ పని నాకు రాదని అప్పుడే తేలిపోయింది కదండీ" అంది నవ్వుతూ. పక్కనున్న భర్తకు నన్ను చూపించి, అప్పట్లో తన తరఫున కూర్చుని లాగ్‌లన్నీ చూసింది ఈ సారేనని చెప్పింది. ఆయన నాకు దణ్ణం పెట్టాడు. నేను ఎండ గురించి ఏదో మాట్లాడాను.

నిజంగానే అలా అనుకుంటోందా, లేక అన్నీ తెలిసే ఆ మాట అందా? తెలిసే అని ఉంటే బాగుండును. అప్పుడు ఆమె అనుమానం నా మీద ఉంటుంది. తన మీద తనకు ఉండదు.

పేరు దాచుకుని రాయడం కూడా లాగ్ చెరపడం లాంటిదేనని మీరు అనొచ్చు. అనండి. మిమ్మల్ని క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. ఆమె దగ్గరికి వెళ్ళి చెప్పే రోజు వస్తుందని మాట ఇవ్వను, నా మాటను నేను నమ్మను కాబట్టి. కానీ నేను చెరిపేసింది ఎక్కడో ఒకచోట మళ్ళీ రాసి ఉండాలి. రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

మూడో మిషన్‌లో ఆ ఫైలు పెట్టింది నేను. నాగలక్ష్మి ఆ పని మొదటిసారే సరిగ్గా చేసింది.