మా వల కేక ఎత్తుకెళ్ళినవాడు

మా రాక్ బ్యాండ్‌కు దొరికిన మొదటి విమర్శకుడు స్టీల్‌ప్లాంటులో రాత్రంతా సీ షిఫ్టు చేసి దిగొచ్చి పడుకున్న పక్క క్వార్టర్ మామయ్య. నేను డ్రమ్ మీద ఒక దెబ్బ వేశాను, ఆయన గోడ మీద ఒక దెబ్బ వేశాడు. నిజం చెప్పాలంటే తాళం ఆయనదే బాగుంది.

ఉక్కునగరంలో రాక్ అండ్ రోల్ బతకాలంటే ముందు ఇరుగుపొరుగువాళ్ళ షిఫ్టులు బట్టీ పట్టాలి. ఆయన పగలు పడుకునే వారం డ్రమ్స్ మీద మా అమ్మ రగ్గులు కప్పి వాయించేవాణ్ణి. ఉద్యోగం కోసం గోదావరి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మా నాన్న గుమ్మంలో నిలబడి, "దానికింకా జ్వరం తగ్గలేదా అండి?" అని అడిగేవాడు. కోపం వస్తే ఆయన నన్ను కూడా అండీ అనే అంటాడు.

మేం ముగ్గురం. డ్రమ్స్ నేను. బేస్ గిటార్ వాయించేవాడు ఒడ్డునున్న మత్స్యకారుల పేటవాడు. గిటార్ పట్టుకుని పాడేవాడిది మల్కాపురం. ఒకే కాలేజీలో ఒకేసారి ఫెయిలవడం వల్ల ఏర్పడిన స్నేహం. తగరపువలసలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో మా సొంత పాట ప్రాణం పెట్టి వాయించాం. అయ్యాక పెళ్ళికొడుకు మేనమామ స్టేజీ దగ్గరికొచ్చి, "టెస్టింగ్ అయిపోనాదేటి బాబూ? ఇంక పాట మొదలెట్టండి" అన్నాడు.

అలాంటి మాకు ఒక మంచి పాట దొరికింది. అది మేం రాసింది కాదు. బేస్‌వాడి నాన్న ఒడ్డు మీద వల లాగించేటప్పుడు కేక వేస్తాడు. "వలలోన ఏటున్నాదిరో?" అని ఆయన అడుగుతాడు. తాడు పట్టుకున్నవాళ్ళందరూ, "లాగితే కదా తెలిసేది!" అని ఒక్క గుంజు గుంజుతారు. ప్రశ్నకూ జవాబుకూ మధ్య చిన్న ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలో అందరూ ఇసుకలో మడమలు దిగేసుకోవాలి. తొందరపడి జవాబిచ్చినవాడు ఒంటరిగా లాగి, వెల్లకిలా పడతాడు. నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

ఆయన్ను అడిగి, ఆ కేక చుట్టూ పాట కట్టుకున్నాం. ఖాళీ వచ్చినచోట నేను డ్రమ్స్ ఆపేసేవాణ్ణి. ఈ ఊళ్ళో మమ్మల్ని ఎవరైనా గుర్తుపట్టారంటే ఆ పాటవల్లే.

తర్వాత గాయకుడు హైదరాబాద్ వెళ్ళాడు. పాట కూడా వాడితో వెళ్ళింది. రికార్డింగ్‌లో ఆ ఖాళీని చప్పట్లతో నింపేశారు. రెండు క్షణాలు చప్పుడు ఆగితే జనం వేరే పాటకి పోతారట. పాట ఊరూవాడా మోగింది. ఇంటర్వ్యూలో వాడు కళ్ళు మూసుకుని, "ఒంటరిగా అలల దగ్గర కూర్చున్నప్పుడు వచ్చిన పాట ఇది" అన్నాడు. అలలకు నోరు లేదు కాబట్టి కేసు పెట్టలేదు.

నేను దాన్ని జోకుగా మార్చి కొన్నాళ్ళు బతికేశాను. కానీ ఒక ఉదయం బీచికి వచ్చినవాళ్ళెవరో వీడియో తీస్తూ బేస్‌వాడి నాన్నతో, "సూపర్ అంకుల్, ఆ పాట భలే నేర్చుకున్నారు!" అన్నారు. ఆయన వల ఒడ్డుకు లాగించాడు. మర్నాటి నుంచి కేక వేయడం మానేశాడు. పెద్దమనిషి, ఊరికే చేయి ఊపి లాగిస్తున్నాడు. అది చూశాక నాకు జోకులు తగ్గాయి. గాయకుడు ఏదో ఒక రోజు ఇదే ఇసుకలో వెల్లకిలా పడాలని మనసారా కోరుకున్నాను.

దేవుడు నా మొర విన్నాడో, ఈవెంట్ మేనేజర్ విన్నాడో, వాడి షో మా బీచిలోనే పెట్టారు. వాడు ఫోన్ చేశాడు.

"బావా, ఆ ఒక్క పాటకీ మీరిద్దరూ కూడా ఎక్కండి. పాత ఫ్రెండ్స్ అంటే జనాలకి బాగుంటాది."

"రిహార్సల్?"

"మన పాటకి రిహార్సలేటి బావా!"

మన పాటట. నేను పళ్ళు నూరుకుంటుంటే బేస్‌వాడు నవ్వాడు.

"ఎక్కుదుం. నువ్వు చప్పట్ల తాళం ఏయొద్దు. మనం ఎప్పుడూ ఒగ్గినట్టే ఆ ఖాళీ ఒగ్గీ."

"అంతేనా?"

"మా అయ్యనీ, పేటోళ్ళనీ ముందు వరసలో నిలబెడతాను. తాడు లేపోతే ఏటి, కాళ్ళున్నాయి కదా."

సూర్యుడు దిగేవేళకి బీచి నిండిపోయింది. ముందు వరుసలో పేటవాళ్ళు, మధ్యలో బేస్‌వాడి నాన్న, ఉతికిన చొక్కాలో ముళ్ళమీదున్నట్టు నిలబడ్డాడు. గాయకుడు మమ్మల్ని కౌగిలించుకుని, కెమెరా అటు తిరగ్గానే వదిలేశాడు.

పాట మొదలైంది. "వలలోన ఏటున్నాదిరో?" అని వాడు పాడి, మైకు జనం మీదికి చాచాడు. నేను ఆపాను. బేస్ ఆగింది.

చప్పట్లకు అలవాటుపడ్డ వాడు ఆ నిశ్శబ్దానికి బెదిరి, మైకు వెనక్కి లాక్కుని, "లాగితే..." అని ఒక్కడే అందుకున్నాడు. సన్నగా, చలిజ్వరం వచ్చినట్టు. వాడు నోరు మూసేసరికి కింద మడమలు దిగాయి. "లాగితే కదా తెలిసేది!" అని పేట పేటంతా అరిచింది. స్టేజీ కర్రలు అదిరాయి. గాయకుడు అడుగు వెనక్కి వేసి, వైరు కాలికి తగిలి తూలాడు. పడలేదు. అన్నీ మన కోరిక ప్రకారం జరగవు.

రెండోసారి ఆ ప్రశ్న వాడు అడగలేకపోయాడు. అప్పుడు కింద నుంచి, మైకు లేకుండా, అన్నాళ్ళుగా వినపడని గొంతు అడిగింది. జనమంతా స్టేజీకి వీపు పెట్టి ఆ పెద్దాయన వైపు తిరిగారు. ఫోన్లు కూడా తిరిగాయి. నా డ్రమ్స్ ఆయన చేతిని చూసి నడిచాయి. గాయకుడికి అన్ని వేల వీపులు కనిపించడం నాకు ఎంత తృప్తినిచ్చిందో చెబితే మీరు నన్ను మంచివాడనుకోరు. చెబుతున్నాను: చాలా.

పాట అయిపోయింది. గాయకుడు బేస్‌వాడి చెవి దగ్గరికి వచ్చాడు. "మీ నాన్న పేరు వీడియో కింద ఏయించేత్తాను బావా. ఇంక దిగండి, తరవాత పాటుంది."

"కింద ఎవుడు సదువుతాడు? నోటితో సెప్పు. సెప్పేదాకా దిగను."

నేను కూడా కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాను. జనం మళ్ళీ స్టేజీ వైపు తిరిగి చూస్తున్నారు. వాడికి వేరే దారి లేకపోయింది. మైకు నోటికి దూరంగా పట్టుకుని, "ఈ కేక నాది కాదు. అదిగో, ఆయనది" అని గొణిగాడు.

ముందు వరుస ఈల వేసింది. పెద్దాయన తల దించుకుని కండువాతో మొహం తుడుచుకున్నాడు. మంచివాళ్ళయితే అక్కడితో ఊరుకుంటారు.

నేను డ్రమ్స్ దగ్గరున్న మైకు లాక్కున్నాను.

"మళ్ళీ సెప్పు బావా, ఎనకోళ్ళకి ఇనపళ్ళేదట."