అద్దం బాబాయ్, ఎడమచేతి మిడత

మా బొమ్మల ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ అద్దం బాబాయే. చొక్కా జేబులో అరచేతంత అద్దం పెట్టుకు తిరిగేవాడు. సోకు కోసం అనుకుంటే పొరపాటు, ఆ జుట్టుకి దువ్వెన తగిలి ఎన్నాళ్లయిందో. ప్లాస్టిక్ బొమ్మలు పోసే ఉక్కు అచ్చులు చెక్కడం ఆయన పని. అచ్చులో కుడీ ఎడమా తిరగబడి ఉండాలి. అందుకని డ్రాయింగు పక్కన అద్దం నిలబెట్టి, అందులో చూస్తూ ఉలి పట్టేవాడు. ముప్పై ఏళ్లు అలా చూసీ చూసీ, దారి అడిగినవాళ్లకి కుడికి బదులు ఎడమ చూపిస్తాడని అందరూ ఏడిపించేవారు. ఆయనా నవ్వేవాడు.

మా అందరికీ అన్నం పెట్టింది మిడత. టీవీలో పిల్లల సీరియల్లో వచ్చే తేలికపాటి యుద్ధపు రోబో అది. అందులో మిగతా రోబోలన్నీ ఒంటినిండా కవచాలతో బరువుగా నడుస్తాయి. దీనికి ఛాతీ మీద ఒక్క పలకే ఉంటుంది. దెబ్బ తగిలిందా, అంతే సంగతులు. వెనక్కి వంగిన కాళ్లతో ఎగిరి తప్పుకోవడమొక్కటే దానికి తెలిసిన విద్య. మొదట బూడిదరంగుది వచ్చింది. తర్వాత వెడల్పు పాదాల మంచు మిడత, ఆ తర్వాత వీపున పంకా ఉన్న నీటి మిడత. మూడింటి అచ్చులూ బాబాయే చెక్కాడు. ఆ కాళ్లు చెక్కుతున్నప్పుడు తన మోకాళ్లు నొప్పెడతాయనేవాడు.

నాలుగోది నాయక మిడత. తలమీద కొమ్ము, ఎడమచేతికి డాలు, కుడిచేతిలో ఈటె. దాని డ్రాయింగు గీసే పని నాకిచ్చారు. నేను డ్రాయింగు గదిలో చేరి అప్పటికి మూడు నెలలు. నేర్చుకోవాల్సింది కొండంత ఉంది, నాకేమో అన్నీ వచ్చేసినట్టే ఉండేది. అద్దంలోకి చూసీ చూసీ బాబాయ్ కళ్లు నీళ్లు కారడం గమనించాను. ఆయన శ్రమ తగ్గిద్దామని, ఎవరూ చెప్పకుండానే, బొమ్మని ముందే తిప్పి గీశాను. ఆ సంగతి కాయితం మూలన రాయాలనుకున్నాను. ఈలోగా మేనేజరు తొందరపెట్టి డ్రాయింగు పట్టుకుపోయాడు. సాయంత్రం బాబాయికి చెబుదాంలే అనుకున్నాను. మర్చిపోయాను.

బాబాయ్ ఎప్పటిలాగే అద్దం పెట్టి, నేను తిప్పినదాన్ని మళ్లీ తిప్పి, రెండు నెలలు చెక్కాడు. మొదటి బొమ్మ బయటికి తీసేసరికి డాలు కుడిచేతికి ఉంది, ఈటె ఎడమచేతిలో ఉంది. ఉక్కులో చెక్కింది చెరిపేది కాదు.

మేనేజరు గదిలో నేనూ బాబాయీ నిలబడ్డాం. తప్పు ఎవరిదని తేలితే వాళ్లకి మూడినట్టేనని ఇద్దరికీ తెలుసు. డ్రాయింగు ఆ నెలలన్నీ పనిబల్ల మీద నలిగి, నూనె మరకలతో నల్లబడి ఉంది. నన్ను అడిగారు. తిప్పి గీశానని మూలన పెన్సిలుతో రాశాను సార్, అన్నాను. నోట్లోంచి అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. మేనేజరు కాయితాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు. మరక తప్ప ఏమీ కనబడక బాబాయికిచ్చాడు. ఆయన ఆ మూలని బొటనవేలితో ఒకసారి తడిమాడు.

"అమ్మాయి రాసిందండీ. చెరిగిపోయినట్టుంది. నా కళ్లు ఇదివరకట్లా లేవు, చూసుకోలేదు" అన్నాడు.

మర్నాటినుంచి ఆయన్ని చెక్కే బల్ల దగ్గర కూర్చోనివ్వలేదు. పాలిష్ బల్లకి మార్చారు. వేరేవాళ్లు చెక్కిన అచ్చుల్ని నున్నగా రుద్దడమే ఇక ఆయన పని. జేబులో అద్దం మాత్రం అలాగే ఉండేది. బొమ్మకేమో అదృష్టం కలిసొచ్చింది. అచ్చు పారేయడం ఇష్టంలేక, యుద్ధంలో కుడిచేతికి దెబ్బ తగిలి ఎడమచేత్తో ఈటె పట్టడం నేర్చుకున్న నాయకుడని సీరియల్లో కథ అల్లించారు. మిగతా మూడింటికన్నా అదే ఎక్కువ అమ్ముడుపోయింది. ఎడమచేతివాటం పిల్లలు మాకు ఉత్తరాలు రాశారు.

ఆ ఉత్తరాలు చదవాలంటే నాకు మనసొప్పేది కాదు. ఆయన నా మాట నమ్మి తన కళ్లనే అనుమానించాడనుకున్నాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. పాలిష్ బల్ల మీదుగా పోవాల్సి వస్తుందని చుట్టు తిరిగి వెనక తలుపులోంచి పోయేదాన్ని. అలా ఆరేళ్లు గడిచాయి. ఈలోగా నేను డ్రాయింగు గదికి పెద్దనయ్యాను, ఆయన రిటైరయ్యాడు.

ఆయన వెళ్లిపోయిన నెలకి, ఇక ఆగలేక వాళ్లింటికి వెళ్లాను. పిన్నిగారు తలుపు తీశారు. బాబాయ్ కిటికీ దగ్గర కళ్లజోడు లేకుండానే పేపరు చదువుతున్నాడు. అది చూడగానే నేను ఆలోచించి పెట్టుకున్న మాటలన్నీ పోయాయి. ఆ మూలన నేనేమీ రాయలేదు బాబాయ్, అని మాత్రం అనగలిగాను.

"తెలుసమ్మా" అన్నాడు. "నువ్వు పెన్సిలు ఎంత గట్టిగా నొక్కుతావంటే, నీ గీత కాయితం వెనకవైపు కూడా చేతికి తగుల్తుంది. ఆ మూల నున్నగా ఉంది."

మరి ఎందుకలా చెప్పారని అడిగాను.

"నన్నైతే బల్ల మారుస్తారు, నిన్నైతే ఇంటికి పంపిస్తారు. అందులో ఆలోచించడానికేముంది?"

పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"ఉలి పోయినందుకు పెద్దగా బాధపడలేదు. రోజూ పొద్దున వచ్చి నా అద్దంలో బొట్టు సరిచేసుకునేదానివి. అది మానేశావు. అదే కష్టంగా ఉండేది."

జేబులోంచి అద్దం తీసి నాకేసి పట్టాడు. నా ముఖం చూసుకోడానికి నాకు కాస్త సమయం పట్టింది.