సంచిలో వెతికే అమ్మాయి

జమ్మలమడుగులో మా ఇంటికి ప్రశ్నల కాగితాలతో వచ్చిన ఆ పరిశోధకురాలికి ఒక అలవాటుండేది. సిగ్గుపడే ప్రశ్న అడిగాక మన ముఖం చూసేది కాదు. జవాబు వచ్చేదాకా తన సంచిలో ఏదో వెతుక్కునేది. సర్వేల్లో జనం నిజం ఎప్పుడు చెప్తారు, ఎప్పుడు దాస్తారు అన్నదే ఆమె చదువు.

"మరుగుదొడ్డి వాడతాండారా అక్కా?" అని సంచిలో తల పెట్టింది. మా అత్త ఇంట్లో లేదు.

"యాడమ్మా! దాన్నిండా శెనక్కాయ మూటలే. తెల్లారకముందే చేనికి పోతాం," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నా కష్టం ఒకరు అడిగారని ఆ సాయంత్రం దేవుడికి దండం పెట్టుకున్నాను.

నెల తర్వాత జవాబులు సరిచూడటానికి ఆమె పైఅధికారి వచ్చాడు. అప్పటికి మూటలు అమ్ముడుపోయి మరుగుదొడ్డి ఖాళీగా ఉంది.

"మా కోడలు బయటికి పోతాదా? ఏం మాటప్పా అది!" అంది అత్త. నేను అవునన్నట్టు తల ఊపాను.

"అయితే ఆ పిల్ల ఇంట్లో కూచోని రాసుకునిందన్నమాట," అని ఆయన కాగితం మీద గీత కొట్టాడు. నేను ఆయనకు మంచినీళ్ల చెంబు అందించాను.

మరుసటి వారం ఆమే వచ్చింది.

"నేనే కల్పించి రాసినానంటాండారక్కా. నా పరిశోధన ఆపేస్తారంట. మళ్లా ఒక్కసారి చెప్పు," అని ఎప్పటిలాగే సంచిలోకి వంగింది. గడపలో అత్త నిలబడి ఉంది.

"ఇంట్లోనేమ్మా," అన్నాను.

ఆమె సంచిలో చాలాసేపు వెతుకుతూనే ఉంది.

ఇప్పుడు దీపం పెట్టి, మేలు చేసినవాళ్లందరినీ దేవుడి ముందు తలుచుకుంటాను. ఆమె దగ్గరికి వచ్చేసరికి తల ఎత్తలేను. పూజ బుట్టలో ఏదో వెతుక్కుంటాను.