రెండోసారి అడగని డాక్టరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరు ఎవరిని ‘ఎట్లుండావు’ అని అడిగినా మొదటి జవాబు ‘బాగుండాను’ అనే రావాలి. ఒళ్ళు కాలిపోతున్నా సరే. అడిగినవాళ్ళు కాఫీ తాగి, కాసేపాగి, ఇంకోసారి అడిగాకే అసలు సంగతి బయటికొచ్చేది. అడగ్గానే బాధలు ఏకరువు పెట్టడం మావాళ్ళకు నచ్చదు. తరాల కిందట మద్రాసుకొచ్చి సగం మాటలు తమిళంలో కలిపేసుకున్నా ఈ మర్యాద మాత్రం వదల్లేదు. దానివల్ల మా అవ్వకు ఒక కన్ను పోయేదే.

తొంభైల మొదట్లో మేం పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఒకరోజు అవ్వ బియ్యం ఏరుతూ మాటిమాటికీ ఒక కన్ను మూసి చూసుకుంటోంది. ఏమిటని అడిగాను. ఎడమ కంట్లో కింద నుంచి నల్లగా పరదా లేస్తోందని, పాలు పొంగుతున్నాయన్నంత మామూలుగా చెప్పింది. భయం కన్నా ఆ పరదా ఎలా ఉంటుందో చూడాలన్న ఆశే నాకు ఎక్కువ. నేనూ ఒక కన్ను మూసుకుని చాలాసేపు కూర్చున్నాను. నాకేమీ లేవలేదు.

అమ్మకు చెబితే మమ్మల్నిద్దరినీ పేరున్న కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. బయట జనం కిటకిటలాడుతున్నారు. లోపల ఆయన తలెత్తకుండా రాసుకుంటూనే ‘ఎప్పడి ఇరుక్కీంగ పాటీ’, అంటే ఎట్లుండారవ్వా, అన్నాడు. అవ్వ అలవాటు ప్రకారం బాగున్నానని చెప్పి, రెండోసారి అడుగుతాడని ఎదురుచూసింది. ఆయన టార్చి వేసి, వయసుకు శుక్లం వస్తోంది, ఆరు నెలలాగి రమ్మన్నాడు. అమ్మ నోరు తెరిచేలోపు ఇంకొకరు లోపలికొచ్చేశారు. ఆ మనిషి మీద నాకు ఒళ్ళు మండింది. అవ్వ మాత్రం, పాపం ఎంత పనో, అంది.

సంగతి విని పక్కింటి అక్క మా ఇంటికొచ్చింది. ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, బల్ల వెనక తలెత్తని మనుషులను బాగా చూసిన పిల్ల. మా అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని, మా నాన్న కళ్ళజోడు పెట్టుకుని, తనే డాక్టరైపోయింది. ‘ఎప్పడి ఇరుక్కీంగ’ అంటే అవ్వ మళ్ళీ ‘బాగుండాను తల్లీ’ అంది. అక్క చెయ్యి ఊపి తర్వాతి రోగిని పిలిచింది. ఆ రోగి నేనే. ఎన్నిసార్లు ఆడినా అవ్వకు అదే జవాబు.

చివరికి అవ్వకు విసుగొచ్చింది.

“అడిగినోళ్ళకి బాగలేదని ఎట్ల చెప్పేదిమే? నోరు రాదు నాకు.”

“బాగలేదని చెప్పొద్దులే అవ్వా. ఆ కంటికి ఏం అగపడతా ఉందో అది మాత్రం చెప్పు. సరియా?”

అవ్వ కుడికన్ను అరచేత్తో మూసుకుని అక్కను చూసింది. “నీ బొట్టు ఉండాది, నోరు లేదు. నిన్న నోరు కూడా ఉండింది.” నేను పకపకా నవ్వాను. అక్క నవ్వలేదు. కళ్ళజోడు తీసి, రేపు పొద్దున్నే పోవాలి అంది.

మర్నాడు డాక్టరు తలెత్తకుండానే, ఆరు నెలలన్నాను కదా అని విసుక్కున్నాడు. అవ్వ కుర్చీలో నిటారుగా కూర్చుని కుడికన్ను మూసుకుంది. “డాక్టరు సామీ, మీ నెత్తి ఉండాది, మీసం లేదు. ఆ పొద్దు వచ్చినప్పుడు మీసం ఉండింది” అని తెలుగు కలిసిన తమిళంలో చెప్పింది. కలం ఆగింది. ఆయన చెయ్యి తనకు తెలియకుండానే మీసం మీదికి పోయింది. టార్చి లేకుండా మొదటిసారి మా అవ్వ ముఖంలోకి చూసి, ఇంకేం కనబడుతోంది పాటీ, అని అడిగాడు.

అది రెండోసారి అడగడం. ఇక అవ్వను ఆపేదెవరు? మెరుపులు, మసక, పరదా, అన్నీ చెప్పింది. ఆయన చీకటిగదిలో చాలాసేపు చూసి, కంటి లోపల వెనకుండే రెటీనా పొర ఊడుతోందని, ఇంటికి వెళ్ళొద్దని, ఆపరేషన్ చెయ్యాలని అన్నాడు. పొరపాటైందని మాత్రం అనలేదు.

చూపు మొత్తం రాలేదు గాని కన్ను నిలిచింది. కట్టు విప్పిన రోజు ఆయన మళ్ళీ అదే హడావిడిలో ‘ఎప్పడి ఇరుక్కీంగ’ అన్నాడు. అవ్వ కుడికన్ను మూసుకుని, “మీసం ఉండాది సామీ” అంది. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు, కడా.

ఇప్పటికీ ఏ డాక్టరు ముందు కూర్చున్నా, ఎలా ఉన్నారన్న మాటకు నేను జవాబు చెప్పను. ఏం జరుగుతోందో చెబుతాను. ఇంట్లో ఎవరైనా బాగున్నానంటే మాత్రం, కాసేపాగి, ఇంకోసారి అడుగుతాను.