బురద లాగదు

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనేవాళ్ళు మా ఊరొస్తే పస్తులుండాల్సిందే. మేక్లోంగ్ నది సముద్రంలో కలిసే చోటు ఇది. నీళ్ళు వెనక్కి తీశాయంటే కనుచూపు మేరా బురదే. ఆ బురదలో దొరికే గుల్లలే మాకు కూడు. అక్కడ పడవ నడవదు, మనిషి నడవలేడు. నిలువెత్తు చెక్కపలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో బురదను వెనక్కి తన్నుకుంటూ జారిపోవాలి. పలక మీద ఉన్నంతసేపూ మహారాణివే. దిగావా, ఇక నీ గతి నీదే.

ఈ సంగతి లమ్యాయ్‌కి తెలిసినంతగా మా ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. పదమూడేళ్ళప్పుడు తొమ్మిదేళ్ళ చెల్లెలు ఉబోన్‌ని వెంటబెట్టుకుని గుల్లలకు వెళ్ళింది. ఇద్దరికీ ఒకటే పలక. ఉబోన్ ఆటకు దిగిందో, జారిపడిందో గానీ తొడల దాకా దిగబడిపోయింది. లమ్యాయ్ దాని చంకల కింద చేతులు వేసి లాగింది. జుట్టు పట్టుకుని లాగింది. ఏడుస్తూ, అరుస్తూ, పలక మీద బోర్లా పడి లాగింది. పిల్ల బెత్తెడు కూడా పైకి రాలేదు. ఈలోగా పోటు వచ్చేసింది. పెద్దవాళ్ళు పడవలో వచ్చేసరికి నీళ్ళ మీద పలక పట్టుకుని లమ్యాయ్ ఒక్కతే ఉంది.

"అక్కయ్యుండి, ఇంకాస్త గట్టిగా లాగలేకపోయిందా!" అంది ఊరు. ఊరి నోటికి మూత పెట్టగలమా? కన్నతల్లి తోంగ్‌యూ మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అంతకన్నా నాలుగు తన్నినా బాగుండేది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఉబోన్ పేరు ఎవరూ ఎత్తలేదు. తల్లీకూతుళ్ళ మధ్య మాటలు "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోయాయి. అలా నలభై ఆరేళ్ళు గడిచాయి. లమ్యాయ్ బియ్యం బస్తాలు మోసింది, లంగర్లు లాగింది, ఊళ్ళో మగవాళ్ళు కూడా జంకేంత బలం తెచ్చుకుంది. ఎంత బలం వస్తే ఏం లాభం? ఆ రోజు నా చేతుల్లో సత్తువ చాలకనే చెల్లి పోయిందా అన్న ప్రశ్న మాత్రం పురుగులా తొలుస్తూనే ఉంది.

మోకాళ్ళు అరిగాక బడిలో మధ్యాహ్నం వంటకు చేరింది. వంటగది పక్కనే ఎనిమిదో తరగతి. కొత్తగా వచ్చిన వనిదా టీచరు ఈశాన్యాన వరిచేల మధ్య పుట్టిన పిల్ల, సముద్రం ముఖమెరుగదు. పాఠం మాత్రం పండుగలా చెబుతుంది. ఒకరోజు పెన్ను మొనను అరచేతికి నొక్కి చూపించి, తిరగేసి వెనక కొసతో నొక్కి చూపించి, "బలం అదే, చోటు మారింది, అందుకే నొప్పి మారింది" అంది. కిటికీలోంచి చూస్తున్న లమ్యాయ్ నవ్వుకుంది. 'ఇంతేనా! మా పలక సంగతే కదా!' అనుకుంది. మర్నాడు సీసాకు ఒకదాని కింద ఒకటి మూడు బెజ్జాలు పెట్టి నీళ్ళు పోస్తే అట్టడుగు బెజ్జం నుంచి నీళ్ళు అన్నిటికన్నా జోరుగా చిమ్మాయి. అదీ వింత కాదు. లోతుకు పోతే చెవులు దిబ్బడ వేస్తాయని మా ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు.

మూడోరోజు టీచరు తూములు శుభ్రం చేసే, కర్రపిడి ఉన్న రబ్బరు గిన్నెలు రెండు తెచ్చి ఎదురెదురుగా పెట్టి నొక్కింది. రెండూ అతుక్కుపోయాయి. అటు నలుగురు, ఇటు నలుగురు పిల్లలు కర్రలు పట్టుకుని లాగారు. ఊహూఁ!

"బువ్వ తిన్లేదా ఏం?" అని టీచరు ఎగతాళి చేసింది.

"వంట పెద్దమ్మ పులుసులో నీళ్ళు ఎక్కువైనాయి టీచర్, బలమెక్కడిది!" అని వెనక బెంచీ నుంచి ఒకడు అందుకున్నాడు.

టీచరు నవ్వి, రెండు అంచుల మధ్య ఒక సన్నటి గొట్టం దూర్చింది. ఫుస్సుమంది. గిన్నెలు వాటంతటవే విడిపోయాయి. "వీటిని లోపలినుంచి ఎవరూ పట్టుకోలేదర్రా. బయటి గాలి రెండువైపులా నొక్కింది, అంతే. లోపలికి కాస్త గాలి పోనిచ్చాం, వదిలేసింది."

లమ్యాయ్ చేతిలో గరిటె ఠంగున కింద పడింది.

"టీచరమ్మా!" అంది కిటికీ ఊచలు పట్టుకుని. "ఒక్క మాట. బురదలో కూడా అంతేనా?"

"పెద్దమ్మ కూడా బడిలో చేరిందిరోయ్!" అని పిల్లలు గోల చేశారు. టీచరు నవ్వలేదు. లమ్యాయ్ ముఖం అలా ఉంది మరి.

"బురద నాకు తెలీదు పెద్దమ్మా. చూపిస్తారా?"

శనివారం పొద్దున్నే నీళ్ళు తీశాక ఇద్దరూ చెరో పలక మీద వెళ్ళారు. టీచరు పది గజాలకోసారి బోర్లాపడి బురదలో మొహం ముంచింది. దారిలో లమ్యాయ్ ఉబోన్ సంగతి పూర్తిగా చెప్పింది. తర్వాత, నలభై ఆరేళ్ళలో మొదటిసారి, కావాలని పలక దిగింది. ఒక కాలు మోకాలి పైదాకా దిగబడిపోయింది. పలకను రెండు చేతులతో కరుచుకుంది.

"లాగండి టీచరమ్మా."

టీచరు లాగింది. తాడు కట్టి లాగింది. ఒళ్ళంతా చెమటలు పట్టాయి గానీ కాలు కదల్లేదు. అప్పుడు లమ్యాయ్ చెప్పినట్టే, తెచ్చిన వెదురు గొట్టాన్ని పిక్క వెంబడే మడమ దాకా దింపి, నీళ్ళు పోసి గట్టిగా ఊదింది. కింద ఎక్కడో గుడగుడమంది. మడమ కింద చల్లగా తగిలింది. కాలు, దానిష్టం వచ్చినట్టు, మెల్లగా పైకి వచ్చేసింది.

లమ్యాయ్ బురద కారుతున్న కాలిని తడిమి చూసుకుంది. ఇంత సులువా! దేవుడా, ఇంత సులువా!

"బురద జిగురు కూడా ఉంది, కాదనను," అంది టీచరు ఆయాసపడుతూ. "కానీ కాలెత్తబోతే పాదం కింద ఖాళీ అవుతుంది పెద్దమ్మా. అక్కడికి గాలి చొరబడలేదు. పైనున్న గాలేమో కిందికి నొక్కుతుంది. బురద లాగదు. ఆకాశం నొక్కుతుంది."

"గాలికి అంత బరువా?"

టీచరు బురద మీద వేలితో లెక్క గీసింది. "మీ అరచెయ్యంత చోటు మీద దాదాపు వంద కిలోలు. తొమ్మిదేళ్ళ పిల్ల పాదాలు రెండూ కలిపితే రెండు వందల పైమాటే. మీకప్పుడు పదమూడు. నలుగురు మగాళ్ళు లాగినా కష్టమే పెద్దమ్మా."

లమ్యాయ్ తలెత్తి చూసింది. మబ్బు తునక కూడా లేని ఖాళీ ఆకాశం. ఆ ఖాళీ అంతా బరువేనట! పుట్టినప్పటి నుంచి మనుషులంతా దాని అడుగునే తిరుగుతూ, తింటూ, నిద్రపోతూ ఉన్నారట. అరచెయ్యి ముందుకు చాచి చూసుకుంది. అంత బరువు మోస్తూ కూడా చెయ్యి వణకలేదు.

"మరి నలిగిపోమేం?"

"లోపల్నుంచి మనమూ అంతే బలంగా నొక్కుతున్నాం. అందుకే తెలీదు."

లమ్యాయ్ వెదురు గొట్టం వైపు చూస్తూ అడిగింది: "ఆ రోజు నా దగ్గర గొట్టం ఉంటే?"

టీచరు అబద్ధం చెప్పలేదు. "పిల్ల బయటికి వచ్చేదేమో పెద్దమ్మా."

ఆమె పలక మీద వాలిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. పోటు గుర్తొచ్చి టీచరే ఆమెను లేపింది.

ఇంటికి వచ్చేసరికి తోంగ్‌యూ, ఎనభై రెండేళ్ళ మనిషి, చేపలో ముళ్ళు తీసుకుంటోంది. లమ్యాయ్ ఒంటి బురదతోనే, వెదురు గొట్టం పక్కన పెట్టి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పింది. రబ్బరు గిన్నెలు, గొట్టం, రెండు వందల కిలోలు, ఏదీ వదల్లేదు. "అమ్మా, నేను లాగకపోవడం కాదమ్మా," అంది చివరికి.

ముసలమ్మ వేళ్ళు ఆగిపోయాయి. "నువ్వు లాగలేదని ఎవరన్నారే?"

"నువ్వే. నోరు తెరవకుండా ఇన్నేళ్ళూ అంటూనే ఉన్నావు."

"పిచ్చిదానా!" ముసలమ్మ చేపను పక్కకి నెట్టింది. "ఏ మొహం పెట్టుకుని నీతో మాట్లాడమంటావు? రెండో పలకకి మేకులు కొట్టేదాకా ఆగండి అని మీ నాన్న చెబుతూనే ఉన్నాడు. పోటు వచ్చేస్తుంది, పోండి పోండి అని తరిమింది నేను. ఇద్దరికీ ఒక్క పలకిచ్చి పంపింది నేనే. నా మొహం చూడ్డం ఇష్టం లేక నువ్వే మాట్లాడ్డం లేదనుకున్నా."

పొయ్యి మీద గంజి పొంగి నేలపాలవుతున్నా ఎవరూ లేవలేదు.

ముసలమ్మ ఆ వెదురు గొట్టాన్ని చేతిలోకి తీసుకుంది. ఒక కన్ను మూసి రెండో కంటితో లోపలికి చూసింది. బోసి నోరు వంకరపోయి నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో చెప్పడం కష్టం.

"ఉబోన్ ఉండుంటే, ఈ గొట్టం పెట్టి నీ చెవిలో ఊదేది," అంది.